నాగోల్ నుంచి తెచ్చుకున్న పిల్లి

ఆ ఏడాది తెలంగాణ ఉద్యమం జోరు మీదుంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఏ రోజు బంద్ ఉంటుందో, ఏ రోజు ఉండదో తెలిసేది కాదు. తొమ్మిదేళ్ల మా అమ్మాయి బడి లేక ఇంట్లో ఒక్కతే కూర్చునేది. ఏదైనా పెంచుకుందామని అడగడం మొదలుపెట్టింది. కుక్కకు ఇల్లుగలామె ఒప్పుకోలేదు. "పిల్లినైతే తెచ్చుకోండ్రి, ఎలుకలన్న పోతయి" అంది. ఆమెది నల్గొండ దగ్గర పల్లె. కింది వాటాలో ఉండేది, మేం పైన కిరాయికి ఉండేవాళ్లం.

మా ఆయన కోచింగ్ సెంటర్లో లెక్కలు చెప్పేవారు. ఏ పనికైనా ముందు కాగితం మీద గీతలు కొట్టి పట్టిక వేయాల్సిందే. ఇంటర్నెట్లో పిల్లి జాతులన్నీ చూసి, "పొట్టి బొచ్చుదైతే వెంట్రుకల గొడవుండదు. చురుకైనదైతే పిల్లకి తోడు. అబిసీనియన్ తీసుకుందాం" అని తేల్చారు.

"మన గోడ మీద తిరిగేవి కూడా పొట్టి బొచ్చువే, చురుకైనవే కదండీ" అన్నాను.

"వాటికి జాతేముంది?" అన్నారు. ఆ మాట నాకప్పుడు తప్పుగా తోచలేదు.

నాగోల్‌లో ఒకాయన అమ్ముతాడని తెలిసింది. ఫోన్లో మాట వినగానే మా జిల్లా మనిషని పోల్చుకున్నాం. కోస్తా నుంచి వచ్చిన మాలాంటి వాళ్లకు ఆ రోజుల్లో అదొక భరోసా. "మనవైపాయనే, మోసం చెయ్యడు" అన్నారు మా ఆయన. బంద్ లేని ఒక ఆదివారం ముగ్గురం స్కూటర్ మీద వెళ్లాం.

అపార్ట్‌మెంట్ తలుపు తెరవగానే అగరొత్తుల వాసన, దాని అడుగున ఉచ్చ కంపు. ఇస్త్రీ చొక్కా వేసుకున్న మనిషి నవ్వుతూ, "రండమ్మా, మనవాళ్లే కదా" అని కాఫీ ఇప్పించాడు. మీగడ మీద సన్నటి వెంట్రుక తేలుతోంది. కప్పు కింద పెట్టేశాను.

హాల్లో మఖమల్ గుడ్డ మీద నాలుగు పిల్లికూనలు. జింక రంగు, పెద్ద చెవులు. వాటిలో ఒకటి కర్టెన్ పట్టుకుని పైదాకా ఎగబాకింది. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

"చూశావా పాపా, ఎంత యాక్టివో! ఒక్క చోట కూర్చోదమ్మా ఈ జాతి."

"వీటి అమ్మేది అంకుల్?"

"పడుకుంది."

కాసేపటికి పాప బాత్‌రూమ్‌కి వెళ్తానంది. పక్కనున్న తలుపు తీయబోయాను. "అటు కాదమ్మా, అటు కాదు" అంటున్నాడు గానీ అప్పటికే తీసేశాను. లోపల లైటు లేదు. ఒకదానిమీదొకటి మూడు ఇనప బోనులు. పై బోనులోని పెంట చువ్వల్లోంచి కింది బోనులోకి కారుతోంది. అడుగున ఒక ఆడపిల్లి. మెడ చుట్టూ బొచ్చు ఊడి ఎర్రటి పుండు. కళ్లు పుసులతో అతుక్కుపోయాయి. వేలాడే పొదుగు. లేచి నిలబడే ఎత్తు కూడా ఆ బోనుకు లేదు. ఒక కాలు చువ్వల్లోంచి బయటపెట్టి టైలును గీకుతోంది, ఆపకుండా. పాప చూడకుండా అడ్డం నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నాను.

ఆయన కంగారు పడలేదు. నెమ్మదిగా వచ్చి తలుపు మూశాడు. "అవి తల్లులమ్మా. బయట వదిలితే ఒక్క చోట ఉండవు. యాక్టివ్ బ్రీడ్ కదా!"

హాల్లో ఏ గుణం చెప్పి పిల్లల్ని అమ్ముతున్నాడో, ఆ గుణానికే తల్లిని బోనులో వేశాడు.

"పదండి, వెళ్లిపోదాం" అన్నాను మా ఆయన చెవిలో, చూసింది చెప్పి.

"మనం వద్దంటే ఇంకొకరు కొంటారు. ఈ ఒక్కటైనా బాగుపడనీ" అన్నారాయన. పాప అప్పటికే ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుంది. గుడ్డ సంచి నేనే తెరిచి పట్టుకున్నాను. తిరుగుదారిలో గుడ్డ సంచిలో అది నా పొట్టకు ఆనుకుని దడదడలాడుతుంటే, ఆ మనిషి మీదా, మా ఆయన మీదా, సంచి పట్టుకున్న నా చేతుల మీదా అసహ్యం వేసింది.

మూడు వారాలు గడిచాయి. ఒక మధ్యాహ్నం కూరగాయలు తెచ్చుకుని వచ్చేసరికి బాత్‌రూమ్‌కి బయటినుంచి గడియ. లోపల గీకుతున్న చప్పుడు.

"పేపర్లు దిద్దుకోనివ్వట్లేదు. కాసేపే కదా" అన్నారు మా ఆయన.

ఒళ్లు మండిపోయింది. "చురుకైనది కావాలని పట్టిక వేసి ఎంచుకుంది మీరే కదా!" అని అరిచి గడియ తీశాను. ఆ అరుపుకి ఇల్లుగలామె పైకొచ్చింది.

"ఏంది బిడ్డా గీ లొల్లి?"

నాగోల్‌లో చూసిందంతా మొదటిసారి బయటికి చెప్పాను. ఆమె ఆసాంతం విని, "గంత చూసి గాడికెల్లి ఎట్ల కొనుక్కొచ్చినవ్?" అంది. మా ఆయన తల దించుకున్నారు.

మర్నాడు బంద్. బస్సుల్లేవు. నాగోల్ దాకా నడిచే వెళ్లాను, ఆ తల్లిపిల్లిని అడిగి తెచ్చుకుందామని. వాచ్‌మన్ గేటు దగ్గరే ఆపాడు.

"గాళ్లు ఖాళీ చేసిండ్రమ్మా. కంపు ఒస్తుందని అందరు పరేషాన్ అయిండ్రు. పిల్లలను బండిల ఎక్కించుకపోయిండు. తల్లులను మూసీ ఒడ్డుకు ఇడిసిపెట్టిండు."

ఒడ్డుకు వెళ్లాను. నల్లటి నీళ్లు, నురగ, ప్లాస్టిక్ కుప్పలు, వాటిమీద కుక్కల గుంపు. ముక్కు మూసుకుని మధ్యాహ్నం దాకా తిరిగాను. పిలుద్దామంటే దానికి పేరైనా లేదు. ఎక్కడా కనబడలేదు.

ఇంటికొచ్చేసరికి మా ఆయన బాత్‌రూమ్ బయటి గడియను స్క్రూలు విప్పి తీసేశారు. తర్వాత పిల్లి ఎక్కడానికి గోడకు చెక్క పలకలు కూడా కొట్టించారు. పదకొండేళ్లు అది మా ఇంట్లో ఇష్టమొచ్చినట్టు ఉరికింది.

ఈ మధ్య నా స్నేహితురాలు ఒకామె, తమ పిల్లలకూ అదే జాతిది కావాలని ఫోన్ చేసింది. ఆ బోనుల సంగతి మొత్తం చెప్పాను. ఆమె "అయ్యో, ఛీ" అంటూ విన్నది. అంతా అయ్యాక, "మరి ఆయన ఇప్పుడెక్కడ అమ్ముతున్నాడో తెలుసా?" అని అడిగింది. ఫోన్ పెట్టేశాను.