రైలుకట్ట మీద బరువెక్కిన సైకిలు

దయ్యాలున్నాయని ఎవరైనా అంటే నాకు భయం వేయదు, ఒళ్ళు మండుతుంది. ముప్పయ్యేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పినదాన్ని. ఏనాడూ శకునం చూసి బయల్దేరలేదు. నా పిల్లలకి తాయెత్తు కట్టనివ్వలేదు. అందుకే ఇది రాయడానికి ఇన్నేళ్ళు పట్టింది.

తొంభైల నాటి మాట. ద్రాక్షారామం దగ్గర ఒక ఊళ్ళో పనిచేసేదాన్ని. కాకినాడ నుంచి కోటిపల్లికి ఒకప్పుడు రైలుండేదట. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లవాళ్ళు పట్టాలు పీక్కుపోయారని పెద్దవాళ్ళు చెప్పేవారు. కట్ట మాత్రం మిగిలింది. చేల మధ్య నుంచి ఎత్తుగా, తిన్నగా పోయేది. పాత కంకర నేలలోకి దిగి గట్టిపడిపోయింది. వానాకాలంలో పుంతదారులన్నీ మోకాలి లోతు బురదైపోతే, సైకిలు తొక్కడానికి ఆ కట్టొక్కటే గతి.

కట్టకి ఆ చివరనున్న పేట నుంచి ఏడుగురు ఆడపిల్లలు మా బడికి వచ్చేవారు. ఏడుగురికీ కలిపి మూడు సైకిళ్ళు. స్పెషల్ క్లాసులున్న రోజు, వాటి మీద చోటు చాలక మిగిలిపోయిన పిల్లని నా సైకిలెక్కించుకుని నేనే దింపేదాన్ని.

ఒక జూలైలో ఏడుగురూ ఒక్కసారే మానేశారు.

నాలుగు రోజులు చూసి పేటకి వెళ్ళాను. సత్యవతి అని తొమ్మిదో తరగతి పిల్ల, లెక్కల్లో దిట్ట. వాళ్ళమ్మ గుమ్మంలోనే నిలబెట్టి చెప్పింది.

“కట్ట మీద ముసల్ది తిరుగుతుందటండి. ఎప్పుడో రైలు కింద పడి చచ్చిందట. ఒంటరిగా పోయే ఆడపిల్లల ఎనకాల పడుతుందటండి.”

“ఎవరు చెప్పారు?”

“వీరభద్రం గారండి. దాన్ని చూసి ఆయన పాలేరుకి జొరమొచ్చేసిందటండి.”

నాకు అంతా అర్థమైంది. వీరభద్రం గారికి కట్టకి అటూ ఇటూ పొలాలున్నాయి. కట్ట తవ్వేస్తే రెండు చెక్కల పొలమూ ఒకటవుతుంది, మన్ను ఇంటి స్థలానికి మెరకవుతుంది. మనుషులు తిరిగే దారిని తవ్వితే గొడవవుతుంది. మనుషులే తిరగకపోతే?

“అమ్మా, అది ఆయన పుట్టించిన మాట” అన్నాను.

“మీరు చదువుకున్నోరండి, మీకు భయం ఉండదు. పిల్లకేదన్నా అయితే మేమేం చేసుకుంటామండి?”

తిరిగి వస్తుంటే వీరభద్రం గారు కట్ట మీద పాత ప్లాట్‌ఫారం దగ్గర కనబడ్డాడు. ఒకప్పుడు అక్కడ రైలు ఆగేది. పగిలిన ఇటుకల అరుగొకటి మిగిలింది. ఇద్దరు కూలీలు కట్ట అంచు తవ్వుతున్నారు. సైకిలు దిగి గట్టిగానే అడిగాను, ఆడపిల్లల చదువు మీద మన్ను పోసి ఇల్లు మెరక చేసుకుంటారా అని. ఆయన నవ్వాడు.

“నా మీదెందుకండీ కోపం చూపిస్తారు? ఉన్న మాట చెప్పాను.”

“అయితే రేపు శనివారం, మధ్యాహ్నం బడి వదిలాక ఒక్కదాన్నే వస్తాను. మీరిక్కడే ఉండి చూడండి.”

“రండి టీచర్ గారూ. వద్దన్నదెవరండీ?”

మర్నాడు బయల్దేరేసరికి పన్నెండు దాటింది. మబ్బు పట్టి ఉంది, ఎండ లేదు. రెండు వైపులా ఊడ్పులు కొత్తగా అయిన చేలు, నీళ్ళ మీద లేత నాట్లు. దారిలో మనిషన్నవాడు లేడు. ఆయనతో ఏమేం అనాలో మనసులో కూర్చుకుంటూ తొక్కుతున్నాను.

తూము దాటగానే సైకిలు వెనక బరువెక్కి దిగబడింది. పంక్చరనుకుని దిగి టైరు నొక్కి చూశాను. రాయిలా ఉంది. క్యారియర్ మీద ఏమీ లేదు. మళ్ళీ ఎక్కాను. నాలుగు గజాలు వెళ్ళానో లేదో మళ్ళీ అదే బరువు.

ఆ బరువు నాకు కొత్త కాదు. పిల్లలు రెండు కాళ్ళూ ఒకే వైపు వేసుకుని కూర్చుంటే హ్యాండిల్ అటు లాగుతుంది. అది ఎడమకి లాగుతోంది. నేను కుడికి పట్టుకుని తొక్కుతున్నాను. వెనక్కి తిరిగి చూడలేదు. భయం వేసిందని రాస్తే అబద్ధమవుతుంది. ఈ రోజే ఇలా కావాలా అని మండిపోయాను. అలవాటు కొద్దీ నోట్లోంచి మాట వచ్చేసింది.

“కదలకుండా కూర్చో. పడతావు.”

హ్యాండిల్ తిన్నగా అయింది.

ప్లాట్‌ఫారం ఇంకా ముప్పై గజాలుందనగా బరువు పోయింది. సైకిలు ముందుకి ఒక్క దూకు దూకింది.

వీరభద్రం గారు అరుగు మీద నిలబడి ఉన్నాడు. నేను నోరు తెరవకముందే ఆయనే అన్నాడు.

“ఒక్కరే వస్తామన్నారు కదండీ. ఆ పాపెవరండీ?”

“ఏ పాప?”

“మీ ఎనకాల కూర్చుంది కదండీ, పరికిణీ కట్టుకుని. అదిగో అక్కడ దిగి చేలోకి పోయింది.”

“నాటకాలు చాలించండి!” అని అరిచాను.

పక్కనున్న నిన్నటి కూలీల్లో ఒకడు మెల్లగా అన్నాడు, “ఎవరూ లేరు కదండీ బాబూ.”

ఆయన వాడి ముఖంలోకి చూశాడు, నా వైపు చూశాడు, చేను వైపు చూశాడు. తువ్వాలుతో ముఖం తుడుచుకుని వెళ్ళిపోయాడు. నేను వెనక్కి నడిచి చూసి వచ్చాను. ఆయన చూపించిన చోట ఒక్క నాటు కూడా వంగలేదు. బురదలో అడుగు లేదు.

అప్పటికీ మోసమనే అనుకున్నాను. రాత్రి అన్నం ముందు కూర్చున్నాక తోచింది. మోసమే అయితే ముసల్దనాలి కదా, పాపని ఎందుకన్నాడు? బరువు ఎక్కడ దిగిందో నేనెవరికీ చెప్పలేదే, సరిగ్గా ఆ చోటే ఎలా చూపించాడు?

నేనొక్కదాన్నే కట్ట మీద క్షేమంగా వచ్చానని కూలీలు పేటలో చెప్పారట, సోమవారం నలుగురు పిల్లలు బడికొచ్చారు. ఇద్దరిని అప్పటికే ఊడ్పుల్లోకి పంపేశారు, మరి బడి మొహం చూడలేదు. సత్యవతిని ఆ శ్రావణంలోనే మేనమామకిచ్చి చేసేశారు. బడి మాని ఇంట్లో ఖాళీగా కూర్చున్న పిల్లకి పెళ్ళి తప్ప ఇంకేం ఆలోచిస్తారు?

వీరభద్రం గారు మళ్ళీ కట్ట తవ్వలేదు. నెల తర్వాత స్టాఫ్ రూం గుమ్మం దగ్గరికొచ్చి నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు.

“ఆ రోజు మీ సైకిలెక్కిందెవరో నిజం చెప్పండి టీచర్ గారూ. నాకు నిద్ర పట్టట్లేదండీ.”

“నా సైకిలు ఎవరూ ఎక్కలేదండి” అన్నాను.

ఔనంటే ఆ నలుగురూ మళ్ళీ ఇంట్లో కూర్చుంటారు. కానీ అదొక్కటే కారణం కాదు. ఆయన ముఖం చూస్తుంటే నాకు సత్యవతి సగంలో వదిలేసిన లెక్కల నోట్సు గుర్తొచ్చింది. జాలి కలగలేదు. ఈనాటికీ కలగదు.

తర్వాత ఆ కట్ట మీద మళ్ళీ పట్టాలు వేశారు. సైకిళ్ళు తిరగవు కాబట్టి ఇప్పుడు చెప్పినా ఎవరి చదువూ ఆగదు.

మొన్న మావారికి మొదటిసారి చెప్పాను. కోపంలో తొక్కావు, అలసటకి సైకిలు బరువనిపించి ఉంటుంది అన్నారు.

“మరి వీరభద్రం గారు చూసిందేంటండీ?” అన్నాను.

హ్యాండిల్ ఎటు లాగిందో మళ్ళీ చెప్పమన్నారు. ఎడమకి అన్నాను. అంతకు మించి నాకూ తెలియదు.