మునిగే పడవకు తుప్పు

హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద లారీలకు రంగులేసే ఖాజాసాబ్‌కూ తుప్పుకూ పాముకూ ముంగిసకూ ఉన్నంత పగ. నలభై ఏళ్ల కింద ఆయనకు కుంచె పట్టడం నేర్పిన ఉస్తాదు మొదటిరోజే ఒక మాట చెప్పాడు. తుప్పు మీద రంగేసినవాడు దొంగతో సమానం అని. ఖాజాసాబ్ ఆ మాటను తాయెత్తులాగా కట్టుకున్నాడు. డ్రైవర్లు తొందరపెట్టనీ, ఓనర్లు గొణగనీ, ఉప్పుకాగితంతో ఇనుము తళతళలాడేదాకా గీకనిదే రంగు డబ్బా మూత తీసేవాడు కాదు. ఖాజా వేసిన రంగు బండి తుక్కుకు పోయినా పోదని లారీ ఆఫీసుల దగ్గర చెప్పుకునేవాళ్లు. ఆ మాట చెవిన పడ్డ రోజున ఆయన రెండు ముద్దలు ఎక్కువే తినేవాడు.

కాలం మాత్రం ఎవరి చేతి మంచితనమూ చూసుకుని నడవదు. లారీల మీద నెమళ్లూ, తామరపూలూ, తలుపుల మీద ఓనరు పిల్లల పేర్లూ రాయించుకునే రోజులు పోయాయి. ఇప్పుడు స్టిక్కర్ల అంగడికి పోతే మిషను అరగంటలో కోసి ఇస్తుంది. అంటించిన మరునాడే స్టిక్కరు మూల లేచినా ఎవరికీ పట్టదు. ఖాజాసాబ్ షెడ్డుకు నెలకొక బండి రావడం కూడా గగనమైపోయింది. వచ్చేవి కూడా, బంపరుకు ఇంత నల్లరంగు పూసిపెట్టమనే బాపతే.

ఇది చూసి చూసి ఆయన భార్య లాల్‌బీ ఒక దారి వెతికింది. ఊరి బయటి బట్టల ఫ్యాక్టరీకి కాపలా మనుషులను కుదిర్చే తిరుపాల్ ఆమెకు తెలిసినవాడు. గేటు దగ్గర కుర్చీ, నీలం చొక్కా, విజిలు, నెల తిరిగేసరికి జీతం. ఇంతకంటే ఏం కావాలని ఆమె వాదన. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లతో లారీ కిందికి దూరడం ఇంకెన్నాళ్లని కూడా అడిగేది. ఖాజాసాబ్ ఔననలేదు, కాదనలేదు. గేటు దగ్గర విజిలు పట్టుకుని కూర్చుంటే తాను పెయింటరు ఖాజాసాబ్ కాకుండా పోతాడని ఆయన భయం. ఆ మాట పైకి చెబితే పనిలేని మాట అవుతుంది గనుక లోపలే పెట్టుకున్నాడు. తిరుపాల్ మాత్రం గడువు పెట్టేశాడు, శుక్రవారం సాయంత్రం లోపల ఏదో ఒకటి చెప్పమని.

ఆ శుక్రవారానికి మూడు వారాల ముందు విజయ్ కుమార్ వచ్చాడు. రొద్దం కొండప్ప కొడుకు. కొండప్ప ట్రాక్టరు ట్రాలీకి ఒకప్పుడు ఖాజాసాబ్ వేసిన నెమలిని చూస్తూ పెరిగిన పిల్లవాడు. ఇప్పుడు పెనుకొండ దగ్గర కార్ల కంపెనీలో ఉద్యోగం. సంచిలోంచి ఒక అట్టపెట్టె తీసి, అందులోంచి అరచేతిలో పట్టేంత బూడిదరంగు పడవ ఒకదాన్ని తీశాడు. నీళ్ల అడుగున మునిగి నడిచే పడవట, సబ్‌మెరైన్ అంటారట. దోసకాయకు నెత్తిన చిన్న గూడు కట్టినట్టుంది. మిషనులో అచ్చుపోసిన ప్లాస్టిక్కు.

విజయ్ కుమార్, అతని స్నేహితులు ఆదివారం ఆదివారం ధర్మవరంలో ఒక పట్టుచీరల వ్యాపారి మిద్దె మీద కూడతారు. పెద్ద బల్ల మీద నీలం పట్టుగుడ్డ పరిస్తే అదే సముద్రం. దాని మీద ఓడలూ పడవలూ పెట్టి, పాచికలు వేసి, టేపుతో కొలిచి జరుపుతూ యుద్ధాలు చేసుకుంటారు. గడ్డాలొచ్చిన మగవాళ్లు పట్టుగుడ్డ మీద పడవలాట ఆడుకోవడం ఏమిటని ఖాజాసాబ్‌కు నవ్వొచ్చింది గానీ, గిరాకీ ముందర నవ్వకూడదని మీసం కింద దాచుకున్నాడు. ఇలాంటివి మొత్తం పన్నెండు ఉన్నాయట. ఒకటి బాగా వస్తే మిగతా పదకొండూ ఆయనకే. బెంగళూరు ఆటగాళ్లు కూడా ఇలాంటి రంగు పనికి మనిషి కోసం వెతుకుతున్నారట. అంటే షెడ్డు నిలబడుతుంది. అసలు సంగతి ఆ తర్వాత బయటపడింది.

"కొత్తగా ఉండకూడదన్నా. ఏండ్ల తరబడి సముద్రంలో తిరిగి తిరిగి పాతబడినట్ల ఉండాల. తుప్పు పట్టాల" అన్నాడు విజయ్ కుమార్.

"తుప్పు తీసేది అడుగప్పా, చేస్తా. తుప్పు పట్టించేది నాకు ఎవురూ నేర్పలేదు" అన్నాడు ఖాజాసాబ్.

అన్నాడే గానీ పెట్టె వెనక్కి ఇవ్వలేదు. ఆ సాయంత్రమే షెడ్డు తలుపు సగం మూసుకుని, దొంగసారా కాచేవాడిలాగా అటూ ఇటూ చూసి పని మొదలుపెట్టాడు. లాల్‌బీకి మాత్రం బొమ్మ పడవకు రంగు పని వచ్చిందని చెప్పి ఊరుకున్నాడు. నలభై ఏళ్లు తుప్పును తిట్టి, ఇప్పుడు దాన్నే నెత్తిన పెట్టుకున్నానని ఆమెకు ఏ నోటితో చెబుతాడు?

తుప్పు ఎలా ఉంటుందో ఆయనకంటే తెలిసినవాడు జిల్లాలో ఉండడు. పాత లారీ చాసిస్ నుంచి నిజమైన తుప్పునే గీకాడు. రోట్లో నూరి, బట్టలో జల్లించి, థిన్నరులో కలిపాడు. స్పాంజి ముక్కతో అద్దాడు. లారీకి ఎక్కడెక్కడ తుప్పు పడుతుందో అక్కడక్కడల్లా పట్టించాడు. మూలల్లో, అడుగున, మడ్‌గార్డు ఉండాల్సిన చోట. అక్కడితో ఆగినా బాగుండేది. చెయ్యి తిరిగిన మనిషి గదా, వెనకవైపు టైర్లు ఎగజిమ్మినట్టు ఎర్రమట్టి బురద కూడా చిలకరించాడు.

రెండు వారాలకు విజయ్ కుమార్ వచ్చి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. పెద్దాయన మనసు నొప్పించకూడదని చాలా అవస్థపడ్డాడు. చివరికి తప్పలేదు.

"అన్నా, తుప్పు తుప్పు మాదిరే ఉండాది. కానీ ఈ బురద యాడిదన్నా? సముద్రంలో రోడ్డు యాడుంటాది?"

ఖాజాసాబ్‌కు తల కొట్టేసినట్టయింది. ఆయన సముద్రం చూసిన మనిషి కాదు. వానకు తడిసే ఇనుము తెలుసు గానీ నీళ్లలోనే కాపురముండే ఇనుము ఎలా పాతబడుతుందో తెలియదు. ఇంకొక్కసారి చూస్తానని పడవను అడిగి ఉంచుకున్నాడు. వచ్చే శుక్రవారం ఐదింటికి వస్తానని విజయ్ కుమార్ చెప్పాడు. తిరుపాల్ గడువూ ఆ శుక్రవారమే.

మధ్యలో లాల్‌బీ పుట్టిల్లు బుక్కపట్నంలో పోయినవాళ్ల పేరిట ఫాతెహా చదివిస్తుంటే ఇద్దరూ వెళ్లారు. భోజనాలయ్యాక ఖాజాసాబ్ ఊరికే చెరువు కట్ట మీదికి నడిచాడు. నీళ్లు తగ్గి తూము ఇనుప తలుపు సగం బయటపడి ఉంది. ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నాడు. నీళ్లకు అంటుకుని పచ్చగా పాచి చార. దాని మీద వేలెడంత తెల్లటి ఉప్పు చార, బోరునీళ్ల బిందెకు పట్టే మరకలాంటిదే. ఆ పైన తుప్పు. అది కూడా అన్ని చోట్లా లేదు. ఒక్కొక్క బోల్టు దగ్గర మొదలై, కాటుక కారినట్టు సన్నగా కిందికి జారింది. నీళ్లు నెల నెలా ఎంత దిగాయో ఆ తలుపు మీద గీతలు గీతలుగా రాసి ఉంది.

ఎండ తలకెక్కినా ఆయన లేవలేదు. చేపలు పట్టే ముత్యాలప్ప వచ్చి, ఇరిగేషను ఆఫీసు వాళ్లా అని అడిగాడు. కాదంటే, ఇంకెందుకు ఆ పాత తలుపును పెళ్లికూతురును చూసినట్టు చూస్తావని ఎగతాళి చేసిపోయాడు. మొగుడు కదలక మెదలక నీళ్లకేసి చూస్తూ కూర్చున్నాడని తెలిసి లాల్‌బీ పరుగున వచ్చింది. కాపలా పనికి పొమ్మని తాను సతాయించినందుకే మనిషి ఇట్లా అయిపోయాడని ఆమెకు బెంగ పట్టుకుంది. దారిలో ఆమె తిరుపాల్ పేరెత్తలేదు.

ఇంటికొచ్చాక ఖాజాసాబ్ నాలుగు రోజులు పడవను వదలలేదు. పాత రంగు గీకి, మళ్లీ బూడిదరంగు పూసి, ఎర్రమట్టి బురద సంగతి మరిచిపోయి, తూము తలుపును తలుచుకుంటూ తుప్పు పట్టించాడు. రెండు వెంట్రుకలు మిగిల్చి కోసిన కుంచెతో ఒక్కొక్క బోల్టు నుంచీ తుప్పును కిందికి దించాడు. పాచి చార, ఉప్పు చార సరిగ్గా కుదిరాయి. గురువారానికి పడవ నూరేళ్లు నీళ్లు తాగినట్టు తయారైంది. షెడ్డులో దుమ్ము పడుతుందని ఇంటికి తెచ్చి, శుక్రవారం పొద్దున వంటింటి కిటికీలో ఆరబెట్టి, మధ్యాహ్నం జుమ్మా నమాజుకు వెళ్లాడు. పై పూత ఒక్కటే మిగిలింది, వచ్చి వేసుకోవచ్చనుకున్నాడు.

రెండున్నరకు తిరిగి వచ్చేసరికి కిటికీలో పడవ బూడిదరంగు తేలి, కడిగిన ముత్యంలాగా ఉంది. పక్కన గిన్నెలో చింతపండు పిప్పి, కొబ్బరి పీచు. లాల్‌బీ మొహం పని ముగించిన మనిషి మొహంలాగా కళకళలాడుతోంది.

ఖాజాసాబ్‌కు కోపం నషాళానికి అంటింది. నోటికొచ్చిన మొదటి మాట ఆయన జీవితంలో భార్యను ఎప్పుడూ అనని మాట. అది నాలుక చివరిదాకా వచ్చి ఉండగా, ఆమే మొదలుపెట్టింది.

"నువ్వు నమాజుకు పోయినంక చూస్తి. కొత్త ఇనుప సామాను, అప్పుడే తుప్పు పట్టిండాది. సాయంత్రం ఆ పిల్లోడు వచ్చి చూస్తే ఖాజాసాబ్ పని ఇంతేనా అనడా? ఉండే ఒక్క గిరాకీ పాయ, షెడ్డూ పాయ. దానికే చింతపండు పెట్టి తోమితి. గోరు పెట్టి సందుల్లో గూడా తీస్తి, ఒక్క చుక్క లేకుండా."

ఆయన ఆమె చేతులు చూశాడు. గోళ్ల సందుల్లో ఎర్రటి తుప్పు ఇంకా ఉంది. ముప్పై రెండేళ్లు తన బట్టలకంటిన తుప్పును ఉతికిన మనిషి ఆమె. ఆమె కళ్లనే ఆ తుప్పు మోసం చేసిందంటే ఇంక ప్రపంచంలో దానికి పరీక్ష లేదు. ఆ సంగతి తట్టి ఒక పక్క గర్వం వచ్చింది. ఇంకొక సంగతి కొంచెం ఆలస్యంగా తట్టింది. పొద్దున లేస్తే గేటు దగ్గర కుర్చీ, గేటు దగ్గర కుర్చీ అని పాట పాడిన మనిషి, షెడ్డు ఎక్కడ పోతుందోనని గోళ్లరిగేలా తోమింది. ఖాజాసాబ్‌కు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"అది పట్టిన తుప్పు గాదు లాల్‌బీ, నేను పట్టించింది" అన్నాడు.

లాల్‌బీకి అర్థం కావడానికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక గిన్నె పక్కనే కూలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అప్పుడు మొదటినుంచీ చెప్పాడు. పదకొండు పడవల సంగతి, ధర్మవరం పట్టుగుడ్డ సముద్రం సంగతి, ఉస్తాదు మాట తప్పినందుకు తనలో జరుగుతున్న కొట్లాట సంగతి. ఆమె నోటి మీది కొంగు దించింది.

"తుప్పును లోపల దాచిపెట్టి పైన రంగేస్తే దొంగతనం. ఇదేం దాచినావు? పైనే ఉండాది గదా" అని, మిగిలిన తుప్పు పొడి యాడుందని అడిగింది.

రెండు గంటల టైము మిగిలింది, చేతిలో నాలుగు రోజుల పని ఉంది. ఖాజాసాబ్ కిటికీ వెలుతురులో కూర్చుని బోల్టు తర్వాత బోల్టు పట్టుకున్నాడు. లాల్‌బీ పొడి జల్లించి ఇచ్చింది. తాను ఎక్కడ ఎక్కువ రుద్దిందో, ఎక్కడ గోరు బాగా తగిలిందో చూపించింది. ఉప్పు చార ఎంత మందం ఉండాలో ఆయనకు చెప్పింది కూడా ఆమే, ఆ మరకలతో రోజూ వేగేది ఆమే గనుక.

మూడున్నరకు ఫోను మోగింది. తిరుపాల్. ఖాజాసాబ్ రెండు చేతులూ రంగులో ఉన్నాయి. ఫోను తీయమని ఆమెకు తల ఊపాడు. పడవ ఒక పక్క కూడా పూర్తి కాలేదు. ఫోనులో ఏమని చెబుతుందోనని ఆయన కుంచె ఆపాడు.

"లేదులే తిరుపాలన్నా, మా ఆయన రాడు. వేరేవాళ్లను చూసుకో" అంది లాల్‌బీ. అవతల ఏదో అడిగాడు. "చేతి నిండా పని ఉండాదన్నా. ఏం పనా? తుప్పు పట్టిస్తాండాడు."

ఐదింటికి విజయ్ కుమార్ వచ్చి, పడవను గోటితో గీకి చూసి, నిజం తుప్పు కాదు గదా అన్నా అని రెండుసార్లు అడిగి, మిగతా పదకొండూ అక్కడే పెట్టి పోయాడు. కానీ మూడున్నరకు ఆ సంగతి లాల్‌బీకి తెలియదు.