న్యూట్రల్‌లో పెట్టి లాగమన్నాను

పదవీ విరమణకు ఏడాది ముందు, బడులు తెరిచిన జూన్ నెలలో, రాయచూరులోని ఒక కార్ల వర్క్‌షాపులో బ్రేక్‌డౌన్ విభాగం సూపర్‌వైజర్‌గా ఉన్నాను. దారిలో ఆగిపోయిన బండ్లను క్షేమంగా షెడ్డుకు చేర్చడం మా పని.

ఒక ఉదయం, కల్మల ఊరు దాటాక కారు ఆగిపోయిందని తిమ్మప్ప అనే రైతు ఫోన్ చేశాడు. మా రికవరీ బండికి గంట పడుతుందన్నాను. ఊళ్లో ట్రాక్టర్ ఉంది, తెప్పిస్తానన్నాడు. న్యూట్రల్‌లో పెట్టి మెల్లగా కల్మల దాకా లాగించమన్నాను. గేరు ఏ రకమో అడగలేదు.

మేం వెళ్లేసరికి ట్రాక్టర్ వెనుక తాడుతో కారు వస్తోంది. స్టీరింగు దగ్గర తిమ్మప్ప అక్క పద్మావతి, ప్రభుత్వ బడి టీచరు. పోలియోతో ఆమె రెండు కాళ్లూ పనిచేయవు. బ్రేకు, యాక్సిలరేటరు చేత్తో నడిపేలా మార్పించుకున్న ఆటోమేటిక్ కారు అది. చెయ్యెత్తి ట్రాక్టర్‌ను ఆపించాను.

మామూలు గేర్ల కారైతే ఆ కాస్త దూరానికి ఫర్వాలేదు. చాలా ఆటోమేటిక్ బండ్లలో గేరుపెట్టెకు నూనె అందించే పంపు ఇంజను నడిస్తేనే తిరుగుతుంది. ఇంజను ఆగి చక్రాలు మాత్రం తిరిగితే లోపలి భాగాలు నూనె అందక మాడిపోతాయి.

ఈ మాట చెప్పగానే తిమ్మప్పకు కోపం వచ్చింది. "ఏంది సార్ గిట్లంటవ్? గుంజమన్నది నువ్వే గదా!"

"నేనే. అడగకుండ చెప్పిన. తప్పు నాదే."

పద్మావతి నా వైపు తిరిగింది. "గేరుపెట్టె పోతే ఎన్ని దినాలు పడ్తది సార్?"

"సామాను రావాలంటే నెల, అమ్మా."

"నెల దినాలు బడికి ఎట్ల పోవాలె నేను? తమ్మీ, తాడు ఇప్పు."

ఆ కారును నడిపేవి ముందు చక్రాలు. వాటిని రికవరీ బండి వెనుక ఉండే ఇనుప చేతుల మీదికి ఎత్తి, బెల్టులతో బిగించి, హ్యాండ్‌బ్రేకు తీసి, వెనుక చక్రాలు మాత్రం నేల మీద దొర్లేలా రాయచూరు తెచ్చాం.

షెడ్డులో నేనే గేరుపెట్టె నూనె దింపి చూశాను. మాడు వాసన లేదు, లోహపు పొడి లేదు. మెల్లగా, కిలోమీటరు లోపే లాగారు కాబట్టి సరిపోయింది. ఆగడానికి కారణం పెట్రోలు పంపు. మర్నాడు సాయంత్రం పద్మావతి కారు తానే నడుపుకుంటూ వెళ్లింది. వెళ్లేముందు, "ఫోన్లనే అడుగుండ్రి సార్ అందర్ని" అంది.

అడిగాను, ఉద్యోగం వదిలేదాకా. గేరు ఏ రకం, నడిపే చక్రాలు ఏవి? ఈ రెండూ తెలియకపోతే బండిని నేలకు తగలకుండా లారీ మీద ఎక్కించి తేవాలి. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడైనా ముందు అడిగి, ఆ తర్వాతే సలహా చెప్పాలి.