మూడు దీవుల డైకిరీ

మా పక్కింటి అంకుల్ గత నెల పోయారు. ఆ శనివారం పొద్దున మా ఇంట్లో ఫోన్ మోగింది. చూస్తే ఆంటీ నంబరు. జార్జియాలోని కమ్మింగ్‌లో పక్కపక్కన ఉంటున్న ఈ ఎనిమిదేళ్లలో ఆవిడ మాకు ఫోన్ చేయడం అదే మొదటిసారి. ఎప్పుడూ వెనక తలుపు తట్టి లోపలికి వచ్చేసేవారు. "మీ అంకుల్ లేవడం లేదమ్మా. కాఫీ రెండుసార్లు వేడి చేశాను," అన్నారు. నేను చెప్పులైనా వేసుకోకుండా గడ్డి మీద పరిగెత్తాను. అప్పటికే అయిపోయింది. నిద్రలోనే వెళ్లిపోయారు.

ఇక్కడి గుడికి వచ్చే మీలో చాలామందికి ఆయన తెలిసే ఉంటారు. ఒకప్పుడు వంటశాలలో గుండిగ మీదికి వంగి, కళ్లు మూసుకుని, "ఇంగువ ఇంకో చిటికెడు" అని చెప్పి వెళ్లిపోయే పెద్దమనిషి. పంతొమ్మిది వందల డెబ్భైల్లో గుంటూరు నుంచి కెమిస్ట్రీ చదవడానికి వచ్చి, చెరకు మడ్డితో రమ్ కాచే ఒక కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరయ్యారు. తాగే అలవాటున్న మనిషి కాదు. వాసన చూడటం, ఒక చుక్క నాలుక మీద వేసుకోవడం, ఉమ్మేయడం, రాసుకోవడం, అదీ ఆయన ఉద్యోగం. కిటికీల్లేని గదిలో.

ఆయనకి ఒక కోరిక ఉండేది. డైకిరీ అని పాతకాలం నాటి కాక్‌టెయిల్ ఒకటుంది. రమ్, నిమ్మరసం, పంచదార, మూడింటినీ ఐసు ముక్కలతో గిలక్కొట్టి వడగట్టి ఇస్తారు. "మూడే వస్తువులమ్మా. ఏ ఒక్కటి బాగోలేకపోయినా దాక్కోడానికి చోటు ఉండదు," అనేవారు. రమ్ పుట్టిన దీవుల్లో ఒక్కోచోటా ఆ ఒక్క డ్రింకే అడిగి, దేనికది ఎలా ఉంటుందో పోల్చి చూడాలని ఎన్నేళ్లుగానో అనుకునేవారు. సముద్రం పక్కన కూర్చుని, ఉమ్మేయకుండా.

మా వీసా స్టాంపింగ్ గడువు అప్పటికే తీరిపోయింది. దేశం దాటితే తిరిగి రావడం తలనొప్పి. అందుకని ఆయన అమెరికావే మూడు దీవులు ఎంచుకున్నారు: పోర్టోరికో, సెయింట్ థామస్, సెయింట్ క్రోయ్. "పేపర్లన్నీ ఫైల్లో పెట్టుకోండి చాలు. రెండు కుటుంబాలూ కలిసి వెళ్దాం," అని 2011 వసంతానికి టికెట్లు బుక్ చేశారు.

ఆ చలికాలంలోనే డ్రైవ్‌వేలో గడ్డకట్టిన మంచు మీద జారి వెల్లకిలా పడ్డారు. తల వెనక దెబ్బ తగిలింది. వారానికి ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చారు. నడిచారు, మాట్లాడారు, పేపరు చదివారు. కానీ వాసన పోయింది. ఉప్పు, పులుపు, తీపి, చేదు మాత్రం నాలుకకి తెలిసేవి. నేను మామిడిపండు కోసిస్తే ఒక ముక్క తిని, "తియ్యటి దూది," అని పక్కన పెట్టేశారు.

టికెట్లు క్యాన్సిల్ చేస్తానన్నారు. ఆంటీ ఒప్పుకోలేదు. ఒకరోజు ఆయనే మా వెనక తలుపు తట్టారు.

"అమ్మా, మీది అనకాపల్లి అన్నావు కదూ?"

"పక్కన పల్లెటూరు అంకుల్. మా అమ్మమ్మ వాళ్లది."

"బెల్లం వండేవారా?"

"మా తాతయ్యకి గానుగ ఉండేది."

ఆయన లోపలికి వచ్చి తలుపు వేశారు. "నాకు నీ ముక్కు కావాలి," అన్నారు.

నేను తాగను అంకుల్ అన్నాను. తాగమనడం లేదు, వాసన చూసి చెప్పు, నాలుక మీద ఒక్క చుక్క వేసుకో, పులుపూ తీపీ సంగతి నేను చూసుకుంటాను అన్నారు. మా ఆయన్ని అడగొచ్చు కదా అన్నాను. "అతనికి జార్జియా చెట్ల పోలెన్‌తో ఏడాదికి పది నెలలు జలుబే కదమ్మా! పైగా నువ్వు టెస్టర్‌వి. నీ ఉద్యోగమే ఇది," అన్నారు. నేను టెస్ట్ చేసేది సాఫ్ట్‌వేర్. ఆ మాట ఎంత చెప్పినా వినలేదు.

పోర్టోరికో రాజధాని శాన్ హువాన్‌లో మొదటి సాయంత్రం. మా ఆయన నాలుగేళ్ల మా అమ్మాయిని ఇసుకలో ఆడించడానికి తీసుకెళ్లాడు. ఆంటీ పైనాపిల్ జ్యూస్ ముందు పెట్టుకుని కాస్త ఎడంగా కూర్చున్నారు. నీలం పలకరాళ్లు పరిచిన పాత వీధిలో చిన్న బార్. ఎర్రగా, స్ట్రాబెర్రీ వేసి ఐసుతో రుబ్బిన డైకిరీ తెస్తే అంకుల్ మర్యాదగా వెనక్కి పంపి, మామూలుది అడిగారు. సన్నటి కాడ ఉన్న గ్లాసులో, మబ్బు పట్టిన నీళ్లలా వచ్చింది. నేను వాసన చూశాను.

"బాగుంది అంకుల్."

"బాగుంది అనేది వాసన కాదమ్మా."

మళ్లీ చూశాను. ఏమీ తోచలేదు. ఇంగ్లిష్‌లో వెతుక్కోకు, మీ అమ్మమ్మకి చెప్తున్నాననుకో అన్నారు. కళ్లు మూసుకున్నాను. "ఉతికి ఎండలో ఆరేసిన తెల్లబట్ట... లోపలెక్కడో చెరకు గడ కొస. తీపి లేని కొస ఉంటుందే, అది. అంతే, ఇంకేం లేదు."

ఆయన మొహం విప్పారింది. "బొగ్గులోంచి వడకట్టారు. ఒకసారి కాదు. నాలాంటి వాడెవడో కూర్చుని శుభ్రంగా కడిగేశాడు." తర్వాత తాను ఒక గుక్క తీసుకుని నాలుక మీద ఆడించారు. "నిమ్మకాయలు ఇప్పుడు పిండినవి కావు. చేదు తిరిగింది." బార్ వెనక ఉన్న కుర్రాణ్ణి పిలిచి అడిగితే, అతను తెల్లబోయి, పొద్దున్నే ఒకేసారి పిండి పెట్టుకుంటామని ఒప్పుకున్నాడు. కొత్త నిమ్మకాయ కోసి ఇంకోటి కలిపి ఇచ్చాడు. ముక్కు లేని మనిషి, నేను చెప్పిన తెల్లబట్ట ఒక్కటి పట్టుకుని, ఎప్పుడూ చూడని ఫ్యాక్టరీలో ఏం జరిగిందో చెప్పేస్తున్నాడు.

సెయింట్ థామస్‌లో నేను తప్పు చేశాను.

హార్బర్ మీదికి కట్టిన చెక్క వరండాలో కూర్చున్నాం. కింద ఓడలు. గ్లాసు వచ్చింది. ఎంత వాసన చూసినా నాకు నిమ్మకాయ తప్ప ఏదీ తెలియడం లేదు. ఆయన ముందుకి వంగి ఎదురుచూస్తున్నారు. ఆ కళ్లలో ఆశ చూస్తే ఏమీ లేదని చెప్పలేకపోయాను. బల్ల మీద మెనూలో ఏదో రమ్ పక్కన రాసిన మాటే నాకు తోచినట్టు చెప్పాను.

"వెనిలా అంకుల్. కొంచెం... వెనిలా."

"వెనిలానా?"

"అవునంకుల్. చివర్లో."

ఆయన బార్ వైపు చూశారు. "ఆ సీసా నాకు తెలుసు. ఆ రమ్ చెక్కపీపా మొహం చూడలేదు. వెనిలా వాసన వచ్చేది ఓక్ చెక్కలోంచి. మరి నీకు ఎక్కణ్నుంచి వచ్చిందమ్మా?"

నేను తల దించుకున్నాను. మెనూ నా మోచేతి కిందే ఉంది. ఆయనకి కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నా ముక్కు పోయింది. నీ నోట అబద్ధం వస్తే నాకింక దారి లేదు," అని మెల్లగా అన్నారు. గ్లాసు అలాగే వదిలేసి, మెట్లు దిగి నీళ్ల వైపు నడిచి వెళ్లిపోయారు.

ఆంటీ తన కుర్చీ నా పక్కకి జరుపుకున్నారు. "ఏడవకమ్మా. నువ్వొక్కదానివే కాదు. పడిన దగ్గర్నుంచి అందరం అదే పని. మెల్లగా వస్తుందంటాడు డాక్టరు. వచ్చేస్తుంది నాన్నా అంటాడు మా వాడు. మొన్న పప్పులో పోపు మాడిపోయింది. మాడిందా అని అడిగారు. లేదండీ అన్నాను. గిన్నె ఖాళీ అయ్యేదాకా తిన్నారు. తింటున్నంతసేపూ నా మొహమే చూస్తున్నారు."

మర్నాడు సెయింట్ క్రోయ్‌కి ఫెర్రీలో వెళ్లాం. అలలకి ఆంటీకి ఒకటే వాంతులు. ఇంక ఈ పడవ ఎక్కనని దిగగానే ఒట్టు పెట్టుకున్నారు. అక్కడ మన దేశంలోలాగా రోడ్డుకి ఎడమ పక్కన నడపాలి. మా ఆయన అద్దె కారుని నత్తలా నడుపుతుంటే, దారి పొడుగునా పొలాల మధ్య రాతి బురుజులు కనిపించాయి. గాలిమరతో చెరకు ఆడిన పాత గానుగలు. రెక్కలు ఎప్పుడో పోయాయి. అంకుల్ ఒకచోట కారు ఆపమన్నారు. నేనూ వెంట దిగాను. లోపల పైకప్పు లేదు, గుండ్రటి ఆకాశం. ఆయన గోడ మీద చెయ్యి పెట్టి, "ఈ రాళ్లు మోసినవాళ్లు, ఇక్కడ చెరకు పెట్టినవాళ్లు బానిసలమ్మా. చెయ్యి గానుగలో పడితే నరికెయ్యడానికి గొడ్డలి పక్కనే పెట్టుకునేవారట," అన్నారు. టోపీ తీసి చేత్తో పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డారు. ముందురోజు నుంచి ఆయన నాతో మాట్లాడిన మొదటి మాటలు అవే.

ఆ దగ్గర్లోనే రేకుల కప్పు వేసిన చిన్న బార్. అరవై ఏళ్లుంటాయేమో, ఒక నల్లజాతి ఆవిడ ఒక్కతే నడుపుతోంది. డైకిరీ అంటే మా మొహాలు ఎగాదిగా చూసి, ఏ పేరూ అంటించని సీసాలోంచి రమ్ పోసింది. నిమ్మకాయలు మా ముందే పిండింది. అంకుల్ గ్లాసు నా వైపు జరిపారు.

వాసన చూశాను. తల వెనక్కి లాక్కున్నాను.

"అంకుల్, నిజం చెప్పమంటారా? బాగాలేదు."

"చెప్పు."

"తడి గోనెసంచి. వానకి తడిసి, మూలన పడేసిన సంచి. ఇంకా... బెల్లం వండేటప్పుడు పెనం మీద మడ్డి నురగ తేలుతుంది కదా, తీసి గట్టు మీద పోస్తారు. అది రెండు రోజులు ఎండలో పులుస్తుంది. ఈగలు ముసురుతాయి. మా అమ్మమ్మ అటు వెళ్లొద్దనేది. ఆ వాసన." ఊపిరి తీసుకుని మళ్లీ వంగాను. ఈసారి వెనక్కి జరగలేదు. "ఆగండి... దాని అడుగున ఇంకోటి ఉంది. తొక్క నల్లబడ్డ అరటిపండు. తేనె. అమ్మో, అంకుల్, ఇది పోవడం లేదు. ఉండేకొద్దీ వస్తోంది."

ఆయన బల్ల మీదికి వంగారు. "మళ్లీ చెప్పు," అన్నారు.

మళ్లీ చెప్పాను. గోనెసంచి, మడ్డి, అరటిపండు, తేనె.

"ఇంకోసారి."

మూడోసారి చెప్పేసరికి ఆయన కళ్లు మూసుకుని, ముక్కుపుటాలు ఎగరేస్తూ ఊపిరి పీలుస్తున్నారు. ఆ ముక్కుకి ఏమీ అందదని నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. "ముప్పై ఏళ్లు నా ఉద్యోగం ఏమిటో తెలుసా? ఈ వాసన తీసేయడం. ఇది సీసాలోకి రాకూడదనే నాకు జీతం ఇచ్చేవారు. రోజూ పొద్దున్నే వడపోతకి పంపేముందు, ఎవరూ రాకముందే, ఒక్కసారి మూత తీసి చూసుకునేవాణ్ణి. అదీ రమ్ అంటే. ఆ తర్వాత కడిగేసేవాణ్ణి. ఇన్నాళ్లకి, కడగనిది గ్లాసులో పోసి ఇచ్చారు ఎవరో."

అప్పుడు ఒక గుక్క తాగారు. "పులుపూ తీపీ సరిగ్గా ఉన్నాయి," అన్నారు. నిదానంగా, గ్లాసు అడుగు కనబడేదాకా తాగారు. ఉమ్మేయలేదు.

బార్ ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. "ఆ అమ్మాయి మొహం చూస్తే నా రమ్ నచ్చినట్టు లేదే," అంది. అంకుల్ ఇంగ్లిష్‌లో ఉన్నదున్నట్టు చెప్పారు, గోనెసంచితో సహా. ఆవిడ పెద్దగా నవ్వింది. "ఇదే అలా ఉందంటే మా తాత కాచింది చూస్తే పారిపోయేవాళ్లు," అంది. ఇంకో గ్లాసు కలిపి తెచ్చి, ఇది నా తరఫున అని మధ్యలో పెట్టింది. జీవితంలో మందు గ్లాసు ముట్టుకోని ఆంటీ, అటూ ఇటూ చూసి, వంగి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. "ఛీ," అన్నారు. తర్వాత మళ్లీ వంగి, మరోసారి వాసన చూశారు.

అంకుల్‌కి వాసన తిరిగి రాలేదు. ఈ నాలుగేళ్లూ ఆ సంగతి మాత్రం ఎవరి దగ్గరా దాచలేదు. ఎవరింటికెళ్లినా, "నాకు తెలియదు, మీరు చెప్పండి," అని గిన్నె ముందు కూర్చునేవారు. గుడి వంటశాలలో ఉప్పూ పులుపూ ఆయన చూసేవారు, ఇంగువ సంగతి పక్కవాళ్లని అడిగేవారు. మాడితే మాడిందని ఆంటీ చెప్పేసేవారు, ఇద్దరూ నవ్వుకునేవారు. మా అమ్మాయిని ఒకసారి ఇంగువ డబ్బా ఎలా ఉందో చెప్పమంటే, "వెట్ డాగ్ లాగా స్మెల్ చేస్తుంది తాతయ్యా," అంది. ఆయన ఆ మాట పదిమందికి చెప్పుకుని మురిసిపోయారు. నాకైతే ఆయన పుణ్యమా అని ప్రపంచం పెద్దదైంది. వాన మొదలయ్యే ముందు, కొత్త పుస్తకం విప్పినప్పుడు, కుక్కర్ మూత తీసినప్పుడు ఒక్క క్షణం ఆగి, ఉన్నమాట ఏమిటో వెతుక్కుంటాను. మెచ్చుకోలు కోసం మాట కల్పించడం మానేశాను. మానేశానని చెప్పుకోవడమూ కొంచెం కల్పనేనేమో. తగ్గించాను.

ఆయన పోయిన రోజు నుంచి నాకు పదే పదే కళ్లముందు కదులుతున్నది మాత్రం ఆ తిరుగు ప్రయాణం. ఆంటీ ఫెర్రీ ఎక్కననడంతో నీళ్ల మీదే దిగి నీళ్ల మీదినుంచే లేచే చిన్న విమానం ఎక్కాం. హార్బర్లో పడవలా పరిగెత్తి, తుంపర్లు కిటికీలకి కొడుతుండగా, ఒక్కసారి బరువు వదిలేసినట్టు పైకి లేచింది. ఆంటీ కళ్లు గట్టిగా మూసుకుని ఆయన చెయ్యి పట్టుకున్నారు. కింద సముద్రం ముదురు నీలం, దాని పక్కన నెమలికంఠం రంగు, ఒడ్డు దగ్గర లేత ఆకుపచ్చ. అడుగున ఇసుక మీది గీతలు కూడా కనిపిస్తున్నాయి. అంకుల్ నుదురు అద్దానికి ఆనించి చూస్తున్నారు.

"కళ్లు తెరువు," అన్నారు ఆంటీతో. "అటు చూడు, నీళ్ల మీద."

ఆవిడ మెల్లగా తెరిచారు. మా విమానం నీడ, చిన్న పిట్టంత, ఆ ఆకుపచ్చ నీళ్ల మీద మాతోపాటే పరిగెడుతోంది.

"ఏమిటండీ అది?"

"మనమేనే," అన్నారు. ఆ నీడ నీలంలోకి వెళ్లి కనబడకుండా పోయేదాకా ఆయన చూపు తిప్పలేదు.