తాడిచెట్టు వరుస

పోతమ్మ తెల్లవారుజామునే వీధి నూతిలో నీళ్ళు తోడి, మొదటి బిందె తన గుమ్మంలో కాక బావగారు సూరన్న గుమ్మంలో పెట్టేది. తోడికోడలు అప్పాయమ్మకు నడుం పట్టేసి బిందె ఎత్తలేకపోయిన నాటి నుంచి అదే అలవాటు. ఎనభై నాలుగులో మాత్రం ఆ నీళ్ళు ఎవరూ వాడలేదు. అప్పాయమ్మ గుమ్మం పట్టుకుని మెల్లగా లేచి బిందెను కాలితో దొర్లించేది. నీళ్ళు ఇసకలో ఇంకిపోయేవి. పోతమ్మ ఖాళీ బిందె ఇంట్లో పెట్టి కొండ మీద పనికి పోయేది. మర్నాడు మళ్ళీ నింపేది. సింహాద్రప్పన్న ఆ మనిషికి అంత ఓర్పు ఎక్కడినుంచి తెచ్చి ఇచ్చాడో.

కొండ అంటే భీమిలి రోడ్డు పక్కన, వాళ్ళ పల్లె వెనక ఉన్న చిన్న కొండ. దాని మీద తవ్వకాల వాళ్ళు దిగి ఏడాదైంది. ఇటుకలతో కట్టిన పాత స్నానాల గది ఒకటి బయటపడింది. నున్నటి సున్నపు నేల, నీళ్ళు పోయే కాలవ, ఆ కాలవ మట్టిలో రోము దేశపు వెండి నాణెం. ఓడల మీద వచ్చిన వర్తకులు ఇక్కడ దిగి స్నానాలు చేసి ఉంటారని తవ్వకం చూసే ఎల్లారావు గారు అనేవారు. మొగుడు గంగరాజు జ్వరంతో పోయాక పోతమ్మ అక్కడే మట్టి తట్టలు మోసి బతికేది.

రేవులో ఆడవాళ్ళకు అది నవ్వులాటగా ఉండేది.

"ఏటే పోతమ్మా, ఆ రోములోళ్ళ ఒంటి మట్టి ఇంకా వదల్నేదా? ఆళ్ళు తానం సేసెల్లి రెండేల ఏళ్ళయిపోనాది. ఇంకెంత తోమతావే?"

నవ్వు పగగా మారింది ఒక తాడిచెట్టు వల్ల. కొండ కొసన ఒంటరిగా ఉన్న ఆ చెట్టు, సముద్రం మీంచి చూస్తే వెనక పెద్దకొండల సందుతో ఒకే వరుసలోకి వచ్చినప్పుడే తెప్పలను ఒడ్డుకు తిప్పాలి. కాస్త పక్కకు పోతే నీటి కింద బండలు. తాతల నాటి నుంచి పల్లె ప్రాణాలు ఆ గురుతు మీదే ఉన్నాయి. ఆ చెట్టు మొదట్లో మట్టి తట్టలోకి లాగుతుంటే పోతమ్మ చేతికి ఇటుక అంచు తగిలింది. తగిలింది తగిలినట్టు ఎల్లారావు గారికి చెప్పింది. గది అటు కూడా ఉందని తేలింది. వేళ్ళు నేలను చీలుస్తున్నాయి కాబట్టి చెట్టు కొట్టెయ్యమని పైనుంచి ఉత్తరువు వచ్చింది.

సూరన్న పల్లె మొగాళ్ళను వెంటేసుకుని, తెడ్లు పట్టుకుని కొండెక్కాడు.

"ఎవుడో తానం సేసిన గుంట కోసం మా పేనాలు తీత్తారేటి బాబూ?"

"ఉత్తరువు నేను రాసింది కాదు సూరన్నా. సోమవారం కొట్టాల్సిందే." ఎల్లారావు గారి గొంతు కూడా గట్టిపడింది. "ముందు ఆ తెడ్డు దించి మాట్లాడు."

"దించుతాను. రేపు మా పిల్లల శవాలు ఒడ్డుకొత్తే ఆటికి కూడా ఈ గదిలోనే తానం సేయించండి." సూరన్న పోతమ్మ వైపు చూడకుండానే, ఆమెకు వినపడేలా అన్నాడు. "మా తమ్ముడు జొరమొచ్చి పోనాడు, అదురుష్టవంతుడు. ఉంటే ఈ తల్లే ముంచేసును."

పోతమ్మ తల మీది తట్ట దించకుండా అలాగే నిలబడిపోయింది. వాళ్ళు దిగిపోయాక ఎల్లారావు గారు తన కూజాలోంచి గ్లాసుడు నీళ్ళు వంచి ఆమె చేతికిచ్చారు. తాగి, గ్లాసు కడిగి పెట్టి అడిగింది.

"బాబూ, గది గోడ అవతల ఓ పొడుగాటి గెడ పాతుకోనిత్తారా? తెల్లగుడ్డ కట్టి."

"ఇటుకలు లేని చోట పాతుకోండి, గొయ్యి నేను తవ్విస్తాను. కానీ చెట్టున్న చోటు కాదుగా, పనికొస్తుందా?"

"ఆ వరసలో ఉంటే సాలు బాబూ. అది ఈడనుంచి తెలీదు. సెట్టుండగానే సముద్రం మీంచి ఎవులో సూసి సెప్పాల."

ఆ సాయంత్రం రేవులో కనిపించిన ప్రతి మొగాణ్ణీ అడిగింది. వలలు దులుపుకుంటూ ఒకడు మాత్రం నోరు విప్పాడు. "సూరన్న ఊఁ అంటే సూద్దాం. నీకోసమైతే తెప్ప ఆపేవోడు ఈ పల్లెలో ఒక్కడూ లేడు."

ఆదివారం తెల్లవారుజామున ఎప్పటిలాగే సూరన్న గుమ్మంలో బిందె పెట్టింది. అప్పాయమ్మ కాలు చాపింది. నీళ్ళు పోతమ్మ పాదాలు తడిపి పోయాయి. ఈసారి ఆమె బిందె తీసుకోలేదు, కదలనూ లేదు.

"ఇంకా ఏ మొకం పెట్టుకుని నిలబడ్డావే?" అంది అప్పాయమ్మ.

సూరన్న అరుగు మీద వల సర్దుకుంటున్నాడు, తలెత్తలేదు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి బావగారి ఎదుట నిలబడి మాట్లాడి ఎరగని మనిషి, కొంగు భుజం నిండా కప్పుకుని, అరుగు గుంజ వైపు చూస్తూ అంది.

"బావా, రేపు సెట్టు కొట్టేత్తారు. ఈయేల తెప్ప తిప్పే కాడ ఒక్కపాలి ఆగు. నాను కొండ మీద గెడ పట్టించి ఉంటాను. ఎటు జరపాలో తలగుడ్డ ఊపి సెప్పు. నాతో మాటాడొద్దు బావా. గెడని సూసి ఊపు, నన్ను సూడొద్దు."