పుర్రచేతివాడు చావలేదు

పత్తి నుంచి గింజ తీసే జిన్ను మిషన్ల పక్కన ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి ఆదెయ్య చెవులు దెబ్బతిన్నాయి. పూర్తిగా కాదు. ఎవరైనా ఎదురుగా నిలబడి, ముఖం చూపిస్తూ కాస్త గట్టిగా మాట్లాడితే అందుతుంది. పక్కకు తిరిగి మాట్లాడితే అందదు. నలుగురు ఒకరితో ఒకరు మాట్లాడుకునే చోట అసలే అందదు. ఈ సంగతి మిల్లులో అందరికీ తెలుసు. పనుంటే దగ్గరికొచ్చి చెబుతారు, లేకపోతే రారు.

మిల్లు చిలకలూరిపేట నుంచి పర్చూరు వెళ్లే రోడ్డు మీద ఉంది. గోడ వెనక రేకుల గదుల వరసలో చివరిది ఆదెయ్య గది. ఒక నులక మంచం, కరెంటు కుక్కరు, గోడకు మేకు, మేకుకు చొక్కా. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు ఒకప్పుడు ఉండేవాళ్లు. అడిగితే "కుదర్లేదు" అనేవాడు. నిజానికి కుదిర్చే ప్రయత్నం ఎవరూ గట్టిగా చేయలేదు, అతను కూడా.

ఆదెయ్యకు ఉన్న ఒక్క అలవాటు సినిమా. అందులోనూ పుర్రచేతివాడి సినిమాలు. ఎక్కడో సముద్రం అవతలి దేశంలో తీసిన బాక్సింగ్ సినిమాలవి. హీరో ఎడమచేత్తో కొడతాడు. వాడి అసలు పేరు ఎవరికీ నోరు తిరగక, ఇక్కడ అందరూ పుర్రచేతివాడనే అనేవాళ్లు. మొదటిది వచ్చినప్పుడు ఆదెయ్యకు మీసాలు సరిగా రాలేదు. గుంటూరు వెళ్లి చూశాడు. అప్పట్లో తెలుగు మాటలు లేవు. హాల్లో ఒక్కడికీ ఏం మాట్లాడుతున్నారో తెలియదు, అందరూ కళ్లతోనే చూసేవాళ్లు. పుర్రచేతివాడు ఎప్పుడు భయపడ్డాడో, ఎప్పుడు కోపం వచ్చిందో భుజాలు చూసి పట్టేవాళ్లు. తర్వాత్తర్వాత తెలుగు మాటలు పెట్టడం మొదలైంది. ఆదెయ్యకు మాత్రం అప్పటికే చెవులు మందగించాయి. అతను పాత పద్ధతిలోనే చూస్తూ వచ్చాడు.

పుర్రచేతివాడు కూడా ముసలివాడవుతూ వచ్చాడు. నాలుగో సినిమాలో నెత్తి మీద జుట్టు పలచబడింది. ఆరోదానిలో కళ్లద్దాలు పెట్టుకుని మనవరాలి చెప్పులకు బక్కిల్ పెట్టాడు. ఇదే ఆఖరిది అని చెప్పి ఏడోది ఈ మాఘమాసంలో విడుదల చేశారు. పేట బస్టాండు వెనక హాల్లో పడింది.

మిల్లుకు అవతల, రోడ్డు దాటితే రంజాన్ పరుపుల కొట్టు. రంజాన్‌కు నలభై దాటాయి. తాతల నాటి నుంచీ వాళ్లది దూది ఏకే పని. ఇప్పుడు మిషను పెట్టాడు. మిల్లులో మిగిలిన తుక్కు పత్తి కొనుక్కుపోవడానికి వస్తూ పోతూ ఆదెయ్యకు పరిచయమయ్యాడు. సాయంత్రం మిషను ఆపాక కొట్టు ముందు బల్ల మీద ఇద్దరు ముగ్గురు చేరతారు. ఆటో తోలే కోటేష్, కరెంటాఫీసులో లైన్‌మన్‌గా చేసే ఎలీషా. ఆదెయ్య కూడా ఒక పక్కన కూర్చునేవాడు. వాళ్లు నవ్వితే నవ్వేవాడు, కాస్త ఆలస్యంగా. టీ తాగి లేచి వెళ్లిపోయేవాడు.

ఏడో సినిమా అందరూ చూసొచ్చిన సాయంత్రం అది మారింది.

ఆ సినిమా చివర్లో పుర్రచేతివాడు ఆఖరి పోటీలో ఓడిపోతాడు. జనం వెళ్లిపోతారు. వాడొక్కడే రింగులో మూలనున్న స్టూలు మీద కూర్చుని ఉంటాడు. దీపాలు ఒక్కొక్కటే ఆర్పేస్తుంటారు. మోకాలి మీదున్న ఎడమచెయ్యి మెల్లగా పక్కకు జారి వేలాడుతుంది. చీకటి. ఎక్కడో గంట మోగుతుంది. అంతే, పేర్లు పడతాయి.

"చచ్చిపోయాడు," అన్నాడు ఎలీషా. "దీపాలారిపోయాయి, మనిషీ పోయాడు. తెలుస్తానే ఉందిగా."

"ఊళ్లో కరెంటు పోయినప్పుడల్లా మనుషులు చస్తే, నీ మీద ఎన్ని హత్య కేసులు పెట్టాలన్నా?" అన్నాడు కోటేష్. "కానీ చచ్చాడులే. నాకూ అనిపించింది."

రంజాన్ తల ఊపాడు. అతని కనుబొమల మీద దూది నుసి ఉంది.

చచ్చాడనే ఆదెయ్యా అనుకున్నాడు. అనుకోవడం కాదు, అతనికి తెలుసు. చాలా ఏళ్ల కిందట మిల్లులో ప్రెస్సు దగ్గర బాపయ్య అనే పెద్దాయన ఉండేవాడు. దూదిని నొక్కి బేళ్లు కట్టే పని ఆదెయ్యకు నేర్పింది ఆయనే. ఒకరోజు పని దిగాక, కట్టిన బేలు మీద కూర్చుని తలగుడ్డతో మెడ తుడుచుకున్నాడు. చెయ్యి మోకాలి మీద పెట్టుకున్నాడు. మిషన్లు ఇంకా తిరుగుతున్నాయి. ఆదెయ్య చూస్తుండగానే ఆ చెయ్యి జారింది. నిద్రపోయేవాడి చెయ్యి జారితే వేళ్లు ఒకసారి ముడుచుకుంటాయి. బాపయ్య వేళ్లు ముడుచుకోలేదు. పుర్రచేతివాడి వేళ్లు కూడా ముడుచుకోలేదు.

అవునని తల ఊపి టీ తాగితే ఆ సాయంత్రం కూడా అన్ని సాయంత్రాల్లాగే అయ్యేది. అప్పటికే కోటేష్ ఎలీషా వైపు తిరిగి ఇంకేదో అంటున్నాడు.

"చావలేదు," అన్నాడు ఆదెయ్య. చెవులు మందం కాబట్టి అతని గొంతు ఎప్పుడూ పెద్దదే. రోడ్డు మీద పోయేవాడు కూడా తిరిగి చూశాడు.

బల్ల మీద ముగ్గురూ అతని వైపు తిరిగారు.

"ఏంది బాబాయ్, చెయ్యి జారిపోయిందిగా!" కోటేష్ ముందుకు వంగి అరిచాడు.

"నిద్రలో జారదా? నువ్వు ఆటోలో నోరు తెరుచుకుని పడుకున్నప్పుడు నీ చెయ్యి హ్యాండిల్ మీదే ఉంటదా?"

"నేను గంట మోగితే లేస్తా. వాడు లేవలేదే?"

"గంటా? నాకేం వినపడలా."

అందరూ పగలబడి నవ్వారు. ఆదెయ్య కూడా నవ్వాడు, ఈసారి వాళ్లతో పాటే.

ఆ తర్వాత రోజూ అదే గొడవ. కోటేష్ ఆటో ఆపీ ఆపకముందే "బాబాయ్, లేచాడా మీవాడు?" అని కేకేసేవాడు. ఆదెయ్య మళ్లీ హాలుకెళ్లి చూసొచ్చాడు. భుజం మీద తువ్వాలు కదిలిందన్నాడు.

"తువ్వాలు ఫ్యాను గాలికి కూడా కదులుద్ది."

"రింగు మధ్యలో ఫ్యానెక్కడిదిరా, మీ అత్తగారిల్లనుకున్నావా?"

"మా అత్తగారింట్లో ఫ్యానే ఉంటే నేనిక్కడెందుకుంటా బాబాయ్, అక్కడే పడుంటా."

ఎలీషా స్తంభాలు ఎక్కి దిగొచ్చి, గ్లౌజులు కూడా తీయకుండా బాక్సరులా నిలబడి, ఎలా కూలిపోతారో చేసి చూపించేవాడు. రంజాన్ తీర్పు చెప్పేవాడు, చెప్పిన తీర్పు మర్నాడు మార్చేవాడు. ఎవరు మాట్లాడినా ఆదెయ్యకు ఎదురుగా వచ్చి, అతని ముఖంలోకి చూస్తూ, గట్టిగా మాట్లాడాలి. లేకపోతే అతనికి అందదు, అతనికి అందకపోతే వాదన సాగదు. ఆదెయ్య ఆ రోజుల్లో రోజూ గడ్డం గీసుకున్నాడు. పగలు జిన్నుల మధ్య నిలబడి, ఆ హోరులో, సాయంత్రం అనబోయే మాటలు పైకే అనుకునేవాడు. అక్కడ ఎవరికీ వినపడదు.

తన వాదన తప్పేనన్న సంగతిలో అతనికి ఒక్కరోజు కూడా అనుమానం లేదు. తప్పే. అయినా రోజూ దానికి కొత్త ఆధారం వెతుక్కునేవాడు.

కళ్లాల్లో మిరపకాయలు ఎండుతున్నాయి. గాలి అటు నుంచి తిరిగితే బల్ల మీద అందరికీ తుమ్ములే. అలాంటి ఒక సాయంత్రం కోటేష్ ఫోను పైకెత్తి పట్టుకుని వచ్చాడు.

"అయిపోయింది బాబాయ్. తీసినోడే చెప్పాడు. డైరెక్టరు!"

ఫోనులో తెల్లజుట్టు ఆయన ఒకడు కుర్చీలో కూర్చుని మాట్లాడుతున్నాడు. కింద ఎవరో తెలుగులో అక్షరాలు వేశారు. ఆదెయ్యకు ఆ చిన్న అక్షరాలు ఆనలేదు. ఎలీషా అతని చెవి దగ్గరకొచ్చి చదివాడు.

"'అందరూ అడుగుతున్నారు. అతను చనిపోలేదు. అలిసిపోయి నిద్రపోయాడు. అంతకాలం దెబ్బలు తిన్నవాణ్ని చంపడానికి నాకు మనసు రాలేదు.' విన్నావా బాబాయ్? నువ్వన్నదే!"

ఆదెయ్య ఫోను తన వైపు తిప్పుకున్నాడు.

"ఇంకోసారి చూడు," అన్నాడు. "ఆయన కాదేమో."

"ఆయనే బాబాయ్. కింద పేరుంది."

కోటేష్ ఆదెయ్య ఎడమచెయ్యి పట్టుకుని పైకెత్తాడు. "విజేత... పేట పుర్రచెయ్యి... ఆదెయ్యా!" రంజాన్ చప్పట్లు కొట్టి టీలు తెప్పించాడు. ఎలీషా ఆదెయ్య భుజం తట్టి, "మేమందరం చంపినా నువ్వొక్కడివే బతికించావు" అన్నాడు. ఆదెయ్య నవ్వాడు. పైకెత్తిన చెయ్యి కోటేష్ వదిలేసిన తర్వాత కూడా కాసేపు అలాగే ఉంది. ఎవరూ చూడటం లేదని తెలిశాక దించుకున్నాడు.

మర్నాడు అతను వెళ్లేసరికి వాళ్లు మిర్చి రేటు మాట్లాడుకుంటున్నారు. ఆ మర్నాడు తుళ్లూరు వైపు ఎవరో కొన్న స్థలం సంగతి. కోటేష్, ఎలీషా ఒకరి వైపు ఒకరు తిరిగి కూర్చున్నారు. ఆదెయ్యకు కోటేష్ వీపు, ఎలీషా సగం ముఖం కనిపిస్తున్నాయి.

"ఐదో సినిమాలో వాడు కుడిచేత్తో ఎందుకు కొట్టాడో ఎవరికన్నా తెలుసా?" అన్నాడు.

కోటేష్ వెనక్కి తిరిగి, చేతులెత్తి దణ్ణం పెట్టాడు. "అన్నీ నువ్వే కరెక్టు బాబాయ్."

మళ్లీ అటు తిరిగాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం కోటేష్ భుజాలు కదలడం చూసి, నవ్వుతున్నాడనుకుని ఆదెయ్య కూడా గట్టిగా నవ్వాడు. కోటేష్ నవ్వడం లేదు. మిరప ఘాటుకు దగ్గుతున్నాడు. ఎలీషా తన తల్లిని ఆస్పత్రిలో చేర్చిన సంగతి చెబుతున్నాడు. ఎలీషా ఒక క్షణం ఆగి, గొంతు తగ్గించి మళ్లీ చెప్పుకుపోయాడు. విషయం రంజాన్ దగ్గరికొచ్చి చెబితే ఆదెయ్యకు తెలిసింది. టీ సగంలో వదిలేసి లేచాడు.

తర్వాత కొన్నాళ్లు వెళ్లలేదు. రోడ్డుకు ఇటు పక్క నుంచే చూసేవాడు. బల్ల మీద మనుషులు కనిపించేవాళ్లు. ఎందుకు రావడం లేదని ఎవరైనా అడగడానికి వస్తే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్నాడు. ఎవరూ రాలేదు. మిల్లులో పత్తి రావడం తగ్గింది, రెండు జిన్నులు ఆపేశారు. హోరు తగ్గితే మాట వినపడుతుందేమోనని వేరేవాళ్లు అనుకుంటారు. అతనికి హోరు తగ్గినా అంతే.

బస్టాండు వెనక హాల్లో పుర్రచేతివాడి పోస్టరు మీద ఇంకో పోస్టరు అంటించిన రోజున, ఆదెయ్య రోడ్డు దాటి రంజాన్ కొట్టుకు వెళ్లాడు. పొద్దు ఇంకా ఉంది. బల్ల మీద ఎవరూ లేరు. రంజాన్ నేల మీద పరుపు పరుచుకుని, దబ్బనంతో అంచు కుడుతున్నాడు.

"రా బాబాయ్. నల్లపూసైపోయావే," అన్నాడు తలెత్తి.

ఆదెయ్య కూర్చోలేదు.

"వాడు చచ్చాడు రంజాన్."

రంజాన్ దబ్బనం ఆపాడు. "ఎవరు?"

"పుర్రచేతివాడు."

"అదేంది? డైరెక్టరే చెప్పాడుగా, చావలేదని."

"ఎవరన్నా అలా పోవడం ఆయన దగ్గరుండి చూశాడా? నేను చూశా." ఆదెయ్య బల్ల మీద కూర్చున్నాడు. బాపయ్య సంగతి చెప్పాడు. బేలు, తలగుడ్డ, మోకాలి మీద చెయ్యి. "వేళ్లు ముడుచుకోలా. సినిమాలో వాడివీ ముడుచుకోలా. ఆయన నిద్రపోయాడని తీసుంటే తీసుండొచ్చు. కానీ ఆ వేషం వేసినవాడు చచ్చినట్టే చేశాడు."

అంత పొడుగు మాట ఆదెయ్య మాట్లాడటం రంజాన్ ఎప్పుడూ వినలేదు. దారం నోటితో తెంపి, దబ్బనం పరుపుకు గుచ్చి, లేచి వచ్చి అతనికి ఎదురుగా నిలబడ్డాడు.

"మరి ఇన్నాళ్లూ చావలేదని మా ప్రాణం తీశావే?"

"మీరందరూ చచ్చాడన్నారుగా," అన్నాడు ఆదెయ్య.

రంజాన్ అతని ముఖంలోకి చూశాడు.

అప్పుడే కోటేష్ ఆటో అటుగా వచ్చింది. వెనక సీటు నిండా మనుషులు, పైన మూటలు. రంజాన్ రోడ్డు దగ్గరికెళ్లి చెయ్యెత్తి కేకేశాడు. "ఒరేయ్ కోటేష్! బాబాయ్ ప్లేటు ఫిరాయించాడురా! చచ్చాడంటన్నాడు!"

ఆటో ఆగలేదు, నెమ్మదించింది. కోటేష్ తల బయటపెట్టి ఏదో అరిచాడు. ఆదెయ్యకు వినపడలేదు. తన వైపు చూపుతున్న వేలు మాత్రం కనిపించింది. ఆటో పర్చూరు వైపు వెళ్లిపోయింది.

"ఏమన్నాడు?"

రంజాన్ దగ్గరికొచ్చి, చెవి పక్కన కాకుండా, ఎదురుగా నిలబడి చెప్పాడు. "రేపు నీ సంగతి చెప్తాడంట."

ఆదెయ్య టీ తాగకుండానే గదికొచ్చాడు. బియ్యం కడిగి కుక్కరులో పోసి మీట నొక్కాడు. గడ్డం గీసుకున్నాడు, మర్నాడు మళ్లీ గీసుకోవాలని తెలిసీ. తర్వాత, బల్ల దగ్గర వాళ్లకు ఎలా చేసి చూపించాలో అనుకుంటూ మంచం అంచున కూర్చున్నాడు. ఎడమచెయ్యి మోకాలి మీద పెట్టుకుని, మెల్లగా వదిలేశాడు. అది పక్కకు జారింది. వేళ్లు ముడుచుకున్నాయి. కాదని తల అడ్డంగా ఊపాడు. మళ్లీ మోకాలి మీద పెట్టుకుని, ఈసారి ముడుచుకోకుండా వదలడానికి ప్రయత్నించాడు.