మా నాయన దుకాణంలో స్వీడన్ స్టూడియో

స్వీడన్‌లో ఒక చిన్న వీడియో గేముల స్టూడియో ఉంది. దానికి నేను ఎల్బీనగర్‌లోని మా ఇంట్లోంచే పనిచేస్తాను. ఆటలో మనుషులు వేసుకునే బట్టలు తయారుచేయడం నా పని. నడిస్తే కుచ్చిళ్లు ఎలా కదలాలి, వానలో తడిసిన కోటు ఎంత బరువుగా వేలాడాలి, ఇలాంటివన్నమాట. మాది పోచంపల్లి వైపు నేత కుటుంబం. నాయనకు దిల్‌సుఖ్‌నగర్‌లో చీరల దుకాణం ఉంది. ఉద్యోగం వచ్చిన సాయంత్రమే ఆ సంగతి చెబుదామని అక్కడికి పోయాను.

"స్టూడియో అంటే పెండ్లి ఫోటోలు తీస్తరా?" అన్నాడు నాయన.

"కాదు నాయనా, ఆటలు తయారుచేస్తరు. ఆటల ఉండే మనుషులకు నేను బట్టలేస్తా."

"రెడీమేడా, కుట్టిచ్చేదా?"

నిజంగా అడిగాడో, ఆటపట్టించాడో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పటినుంచి మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడల్లా స్టూడియో పూర్వాపరాలు అడిగేవాడు. నాకు తెలిసినంత చెప్పేదాన్ని. ముగ్గురు కాలేజీ స్నేహితులు సైకిళ్లు బాగుచేసే షాపు మీద గది కిరాయికి తీసుకుని దాన్ని మొదలుపెట్టారు. అడవిలో దారి తప్పినవాడి గురించి వాళ్లు చేసిన మొదటి ఆటను ఎవరూ కొనలేదు. రెండోది దీవుల మధ్య పడవ నడిపే ముసలమ్మ ఆట. అది ఎక్కడెక్కడి వాళ్లకో నచ్చింది. ముసలమ్మతో ఇంకో ఆట చేద్దామనుకున్నప్పుడు, ఆమె శాలువా కోసం నన్ను తీసుకున్నారు.

"మొదటి సరుకు పోకపోవుడే మంచిగయింది. పోతే తలకెక్కుతుండె," అన్నాడు నాయన, ఆ ముగ్గురినీ తానే పెంచినట్టు.

కొన్నాళ్లకు ఒక పెద్ద కంపెనీ మా స్టూడియోను కొన్నది. మా ఆయన కేకు తెచ్చాడు. ఆయనవాళ్లు కోస్తా నుంచి వచ్చి వనస్థలిపురంలో స్థిరపడ్డవాళ్లు. సంతోషం వస్తే కేకో, పూతరేకులో తేవాల్సిందే.

"ఇంక మీవాళ్లకి తిరుగులేదు," అన్నాడాయన.

నాయన కేకు ముట్టలేదు. "అమ్మినోళ్లు ఏడ కూసుంటరు?"

"అక్కడే, వాళ్ల కుర్చీల్లోనే కూర్చుంటారు మామయ్యగారూ."

"దుకాణం అమ్మినంక గల్లాపెట్టె ఎనక కూసున్నా కొనొచ్చిన గిరాకీ లెక్కనే గదా."

మేమిద్దరం నవ్వాం. తర్వాత ఆ ముగ్గురిలో ఒకరు వెళ్లిపోయారు. ఇంకొకరూ వెళ్లిపోయారు. ఆఖరికి పెద్ద కంపెనీ స్టూడియోనే మూసేసింది. నా ఉద్యోగం పోయింది. "నేను చెప్పలేదా" అని నాయన నాతో ఒక్కసారి కూడా అనలేదు. మా ఆయనతో అన్నాడు, అమ్మతో అన్నాడు, చీరలు చూడడానికి వచ్చిన ఆడవాళ్లతో అన్నాడు, చాయ్ తెచ్చే ఆయనతో కూడా అన్నాడు.

మిగిలిన మూడో ఆయన ఊరుకోలేదు. స్టూడియో పేరు తిరిగి కొనుక్కుని, పాతవాళ్లలో కొందరిని పిలిచాడు. నన్నూ పిలిచాడు. తర్వాత గేములవాళ్ల సమావేశమేదో ఉంటే హైదరాబాద్ వచ్చి, నన్ను కలుస్తానన్నాడు.

"ఇంట్ల ఏముంటది? దుకాణానికి తోల్కరా," అన్నాడు నాయన.

మా బాసు చాలా పొడుగు. వేలాడదీసిన చీరల కిందనుంచి వంగి వచ్చి, పరుపు మీద కాళ్లు మడవలేక అవస్థపడి, చివరికి రెండు కాళ్లూ ముందుకు చాపి కూర్చున్నాడు. చాయ్ వచ్చింది. నాయన మా ఆయన వైపు తిరిగాడు.

"అల్లుడా, జర అడుగుండ్రి. దోస్తులు ఎందుకు ఇడిసిపెట్టి పోయిన్రట?"

మా ఆయన గొంతు సవరించుకుని ఇంగ్లీషులో, "ఇక్కడి ఎండ మీకు పడిందా అని అడుగుతున్నారు," అన్నాడు.

బాసు నాయన ముఖంలోకి చూశాడు. "ఎండ గురించి ఇంత జాలిగా ఎవరూ అడగరు. నిజంగా ఏమన్నారు?"

ఇక దాచలేక నేనే చెప్పాను. అతను నొచ్చుకోలేదు. ఆ తర్వాత ఇద్దరి మాటలూ నేనే అటూ ఇటూ చేరవేశాను.

"గొడవేమీ లేదు. మొదట్లో ముగ్గురం పొద్దస్తమానం ఆట గురించి కొట్టుకునేవాళ్లం. అమ్మేశాక మీటింగుల్లో పక్కపక్కనే కూర్చునేవాళ్లం కానీ, కొట్టుకోవడానికి ఏమీ లేకుండా పోయింది. ఇప్పుడొకడు రొట్టెలు చేసి అమ్ముతున్నాడు. ఇంకొకడు పిల్లలకు సంగీతం నేర్పుతున్నాడు. పుట్టినరోజుకు మెసేజ్ పెట్టుకుంటాం. అంతే."

నాయన చాయ్ గ్లాసు కింద పెట్టాడు. తర్వాత మెట్రో స్తంభాల అవతలికి చెయ్యి చూపించాడు.

"గా బోర్డు మా తమ్మునిది. ఎన్కట ఒక్కటే దుకాణం. నేను పట్టు అన్న, ఆడు కాటన్ అన్నడు. ఇడిపోయినం."

"మాట్లాడుకుంటారా?" అన్నాడు బాసు.

"నా తాన లేని రంగు అడిగితే ఆడికి పంపుత. ఆడు గూడ పంపుతడు. ఇగ మాటలెందుకు?"

అది నిజమే. పెళ్లిళ్లలో ఒకే వరుసలో కూర్చుని, సాంబారు కావాలన్నా అమ్మచేత అడిగించుకునే అన్నదమ్ములు వాళ్లు.

బాసు వాళ్ల అమ్మకు చీర తీసుకుపోతానన్నాడు. రంగు చూపించడానికి ఫోనులో ఉన్న తమ ఊరి సముద్రం ఫోటో తెరిచాడు.

"గిదేం రంగు? మబ్బు పట్టినట్టుంది," అన్నాడు నాయన. తన దగ్గర లేదు. అలవాటు ప్రకారం అవతలి దుకాణానికి దారి చెప్పబోతే, "మీరూ రండి," అన్నాడు బాసు. పరాయి దేశం మనిషిని కాదనలేక నాయన చెప్పులేసుకున్నాడు. దారంతా ఒక చేత్తో బండ్లను ఆపుతూ, ఇంకో చేత్తో అతని మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించాడు.

మమ్మల్ని చూడగానే చిన్నాయన గాబరాగా లేచాడు. "అన్నా, నువ్వొచ్చినవేంది? ఎవలికన్న మంచిగ లేదా?"

"అందరు మంచిగనే ఉన్నరు. ఈనకు మబ్బు రంగు చీర కావాల్నట."

చిన్నాయన అట్టడుగు అరలోంచి ఎవరూ కొనని బూడిదరంగు ఇక్కత్ తీశాడు. బాసు ముఖం వెలిగిపోయింది. నాయన మాత్రం చీరను వేళ్ల మధ్య నలిపి, "అంచు వదులుగుంది," అన్నాడు.

"పట్టు పట్టే చేతికి అట్లనే ఉంటది," అన్నాడు చిన్నాయన.

అక్కడినుంచి ఇద్దరూ అందుకున్నారు. నూలు, అద్దకం, చచ్చిపోయిన తాత మగ్గం, ఏదీ వదల్లేదు. బాసు నా వైపు వంగి, "కొట్టుకుంటున్నారా?" అని అడిగాడు.

"లేదు, మాట్లాడుకుంటున్నారు."

అతను చీర ఒళ్లో పెట్టుకుని వాళ్లిద్దరినీ చూస్తూ కూర్చున్నాడు.

అతను తిరిగి వెళ్లాక ఒక వీడియో కాల్‌లో పాత ముఖమొకటి మళ్లీ కనిపించింది. సంగీతం నేర్పే స్నేహితుడు. అప్పుడప్పుడు వచ్చి కొత్త ఆటకు పాటలు కడతాడట. అతను వచ్చిన తొలిరోజే, పడవ మునిగేటప్పుడు సంగీతం ఉండాలా వద్దా అని మా అందరి ముందే బాసుతో పెట్టుకున్నాడు. బాసును అంత హుషారుగా నేనెప్పుడూ చూడలేదు.

నాయనకు చెప్పాను. "మరి రొట్టెలాయన?" అన్నాడు.

"రానన్నడట. రొట్టెలే మంచిగున్నయట."

"ఆ ముగ్గురిల గాయినకే తెలివుంది," అన్నాడు నాయన. అని, చిన్నాయనతో అద్దకం గురించి ఇంకో మాట చెప్పడం మరిచానంటూ చెప్పులేసుకుని రోడ్డు దాటిపోయాడు.